కాలిన్స్ కథా, అన్నదమ్ముల కథా?

'ఓపెన్‌హైమర్'కు ఆస్కార్ వచ్చాక కిలియన్ మర్ఫీ పాత సినిమాలు వెతుక్కుంటున్నవాళ్లు నన్ను అడిగే ప్రశ్న ఒక్కటే. బ్రిటన్ మీద ఐర్లండ్ చేసిన తిరుగుబాటు మీద ముందు ఆ పోరాట నాయకుడి పేరుతోనే వచ్చిన 'మైఖేల్ కాలిన్స్' (1996) చూడాలా, మర్ఫీ నటించిన 'ది విండ్ దట్ షేక్స్ ది బార్లీ' (2006) చూడాలా? రెంటిలోనూ ఉన్నది ఒకే గాయం. 1921 డిసెంబరులో బ్రిటన్‌తో కుదిరిన ఒప్పందంలో రాజుకు విధేయతా ప్రమాణం ఉంది, ఉత్తరాన ఆరు కౌంటీలు (జిల్లాలు) బ్రిటన్ కిందే ఉండిపోవడమూ ఉంది. ఐరిష్ పార్లమెంటు దాన్ని 64-57 ఓట్లతో ఒప్పుకుంది. అంతదాకా ఒకే పొద చాటున కాపు కాసినవాళ్లు ఆ తర్వాత ఒకరినొకరు కాల్చుకున్నారు.

ఏ సంఘటన తర్వాత ఏది జరిగిందో తెలుసుకోవాలంటే నీల్ జోర్డన్ తీసిన 'కాలిన్స్' సులువైన దారి. 1916 ఈస్టర్ తిరుగుబాటుతో మొదలై 1922 ఆగస్టులో, ఆ ఒప్పందంపై సంతకం పెట్టినవాళ్లలో ఒకడైన కాలిన్స్ చావు దాకా పరుగు తీస్తుంది. (ఆ తిరుగుబాటు నాటికి మన వి.వి.గిరి డబ్లిన్‌లో న్యాయశాస్త్రం చదువుతున్నారు. ఆ ఏడాదే ఆయన అక్కడి నుంచి వచ్చేయవలసి వచ్చింది.) లియాం నీసన్ తెరంతా తానే అయిపోతాడు. అయితే చరిత్ర పుస్తకమని నమ్మకండి. తెర మీద చనిపోయే పోలీసు నెడ్ బ్రాయ్ నిజానికి బతికి, తర్వాత ఐరిష్ పోలీసు శాఖకే అధిపతి అయ్యాడు. డబ్లిన్ క్రోక్ పార్కు ఆటల మైదానంలోకి బ్రిటిష్ సాయుధ శకటం దూసుకొచ్చి కాల్చడం కల్పన. అక్కడ కాల్పులూ, పోయిన 14 ప్రాణాలూ మాత్రం నిజం.

నాకు అసలు పేచీ వేరే చోట ఉంది. ఇలాంటి సినిమాకు నేను పెట్టే పరీక్ష ఒకటే: చీలిక వచ్చినప్పుడు రెండో పక్షం వాదన కూడా నన్ను ఇబ్బంది పెట్టాలి. 'కాలిన్స్'లో ఆ ఇబ్బంది లేదు. ఒప్పందాన్ని కాదన్న నాయకుడు డి వలేరాను అలన్ రిక్‌మన్ అంత జిత్తులమారిగా చూపాక, ప్రేక్షకుడు ఎటు ఉండాలో దర్శకుడే తేల్చేసినట్టు. కాలిన్స్‌కు, ఒప్పందాన్ని కాదన్న హ్యారీ బోలండ్‌కు మధ్య స్నేహం విరిగిపోవడంలో కూడా ఒక అమ్మాయి మీది ప్రేమ కలిసిపోయి, ఒప్పందం పక్కకు జరుగుతుంది.

కెన్ లోచ్ తీసిన 'బార్లీ'లో నాయకులు దాదాపు కనిపించరు. దక్షిణ ఐర్లండ్‌లోని కార్క్ పల్లెల్లో ఇద్దరు అన్నదమ్ములు, టెడ్డీ, డేమియన్ (మర్ఫీ). లండన్‌లో వైద్యుడిగా చేరవలసిన డేమియన్ ఆగిపోయి దళంలో కలుస్తాడు. (ఇకపై కథ చెప్పక తప్పదు, వద్దనుకునేవారు ఈ పేరా వదిలేయండి.) దళం ఆచూకీ చెప్పాడని క్రిస్ అనే కుర్రవాడిని కాల్చవలసి వస్తుంది. 'ఇన్ఫార్మర్ నెపంతో' అన్న మాట దశాబ్దాలుగా పత్రికల్లో చదివిన మనకు ఆ సన్నివేశం పరాయిదిగా తోచదు. చిన్నప్పటి నుంచి ఎరిగిన ఆ పిల్లవాడి గుండెలోకి డేమియనే కాలుస్తాడు. ఒప్పందాన్ని అతను ఎందుకు కాదన్నాడో నాకు ఆ తూటాలోనే దొరికింది: ఆ పని చేశాక ఇక తక్కువకు ఒప్పుకుంటే క్రిస్ ఎందుకు చచ్చినట్టు? మరి టెడ్డీ? గోళ్లు పీకినా నోరు విప్పనివాడు. అతనూ మూల్యం చెల్లించినవాడే, అయినా ఇక చాలంటాడు. చివరికి తమ్ముణ్ని కాల్చే దళానికి ఆజ్ఞ ఇచ్చేది అన్నే. లోచ్ మనసు డేమియన్ వైపు మొగ్గినా, టెడ్డీని మాత్రం తేలిక చేయలేదు.

మిగతావి క్లుప్తంగా. జాన్ ఫోర్డ్ 'ది ఇన్ఫార్మర్' (1935) ఇరవై పౌండ్లకు మిత్రుణ్ని పట్టించినవాడి ఒక్క రాత్రి కథ; విక్టర్ మెక్‌లాగ్లెన్ నటన కోసం చూడవచ్చు. రెండో ప్రపంచ యుద్ధకాలంలో జర్మన్లతో చేతులు కలిపిన దళం మీద రాబర్ట్ మిచమ్ నటించిన 'ది నైట్ ఫైటర్స్' (1960) తీరిక ఉంటేనే.

ముందు 'బార్లీ' చూడండి, ఆ సంఘటనల వరుస తెలుసుకోవాలనిపిస్తే 'కాలిన్స్'. కార్క్ యాస మహా వేగం, సబ్‌టైటిల్స్ తప్పక పెట్టుకోండి.