మగ్గం ముందు ఏ లెన్సు మేలు: 35 ఎం.ఎం.? 85 ఎం.ఎం.?

చేతివృత్తులవారిని పనిలో ఉండగా నలుపు-తెలుపులో తీయాలనుకునే మిత్రులు నన్ను తరచుగా అడుగుతున్న ప్రశ్న ఇది: ఒక్క లెన్సే కొనగలిగితే విశాలంగా చూసే 35 ఎం.ఎం. కొనాలా, దూరాన్ని దగ్గరగా చూపే 85 ఎం.ఎం. కొనాలా? పెద్ద సెన్సరుండే ఫుల్ ఫ్రేమ్ కెమెరాను దృష్టిలో పెట్టుకుని, నేను ఎక్కువగా తీసే నేత ఇళ్లనే ఉదాహరణగా తీసుకుని జవాబు చెబుతాను.

పోర్ట్రెయిటుకు 85 అన్న మాట ఊరికే పుట్టలేదు. కాస్త దూరం నుంచి తీస్తాం కనుక ముఖం తన అసలు పొందికలో వస్తుంది. వెనుక ఉన్నదంతా మసకబారి మనిషి విడిగా నిలుస్తాడు. ఈ రెండో గుణానికి నలుపు-తెలుపులో మరింత విలువ ఉంది. రంగు ఫొటోలో ఎర్రని నూలు ముందున్న చేయి రంగు వల్లనే వేరుగా కనిపిస్తుంది. ఆ రంగు తీసేస్తే రెండూ ఇంచుమించు ఒకే బూడిద ఛాయలోకి దిగి, చేయి ఎక్కడ ముగిసిందో నూలు ఎక్కడ మొదలైందో తెలియకుండా పోవచ్చు.

అయినా నా మొగ్గు 35 వైపే. పనిచేస్తున్న మనిషి చిత్రంలో ముఖమూ, చేతులూ, పనిముట్టూ మూడూ కలిసి కనబడాలన్నది నా పట్టుదల, తక్కిన గుణదోషాలన్నీ దాని తరువాతే. గుంట మగ్గం మీద నేసేవారు కాళ్లు గుంటలోకి దించి నేలమట్టాన కూర్చుంటారు. ఒక చేయి నాడెను (అడ్డనూలును అటూ ఇటూ మోసేదాన్ని) పరుగెత్తించే తాడు మీద, మరొకటి పేకను, అంటే ఆ అడ్డనూలును, బిగగొట్టే అచ్చు మీద ఉంటుంది. నిలువుగా పట్టిన చట్రంలో ఇదంతా ఇమడాలంటే సుమారు 1.2 మీటర్ల ఎత్తు కావాలి. అందుకు 35తో దాదాపు అంతే దూరం సరిపోతుంది, 85తో 2.8 మీటర్లు వెనక్కి జరగాలి. పోచంపల్లిలోనైనా మంగళగిరిలోనైనా మగ్గానికీ గోడకూ మధ్య అంత చోటున్న గది నాకు అరుదుగానే కనిపించింది.

చోటు దొరికినా చిక్కు తీరదు. 85ను ఎఫ్/1.8 వద్ద, అంటే లెన్సు ద్వారం బాగా తెరిచి, 2 మీటర్ల నుంచి వాడితే స్పష్టంగా వచ్చే లోతు సుమారు 6 సెంటీమీటర్లే కనుక, కళ్లు స్పష్టంగా ఉంటే ముందుకు చాచిన వేళ్లు మసకలో కలిసిపోతాయి. 35ను ద్వారం కొంత మూసిన ఎఫ్/4 వద్ద 1.2 మీటర్ల నుంచి వాడితే ఆ లోతు 28 సెంటీమీటర్ల దాకా వస్తుంది. పైగా సెకనులో 60వ వంతు షట్టర్ వేగంతో చేతిలోనే పట్టి తీయవచ్చు. ఆ వేగంలో ముఖం నిలకడగా వచ్చి, తాడు లాగే చేయి మాత్రం కొద్దిగా చెదిరి కదలికను చూపుతుంది.

35తో వెనుక సామాను మసకబారదన్నది నిజం. ఆ పని వెలుగుతో చేయించుకోవాలి: కిటికీ వెలుగు ఒక పక్కనుంచి పడేలా, ముఖం వెనుక చీకటి గుమ్మమో నీడలోని గోడో వచ్చేలా మనం కూర్చునే చోటు మార్చుకోవాలి. డిజిటల్ ఫొటోను నలుపు-తెలుపులోకి మార్చేటప్పుడు నారింజ ఛాయల వెలుగును కొద్దిగా పెంచితే చర్మం నీలి నూలు నుంచి విడివడుతుంది. ఎర్ర నూలు దగ్గర ఈ ఉపాయం పారదు. అతిగా పెంచి మనిషి మేనిఛాయనే మార్చేయడం మాత్రం ఆ మనిషికి చేసే అన్యాయం. మరీ దగ్గరికి వెళితే లెన్సు వైపున్న చేయి ఉబ్బినట్టు కనిపిస్తుంది కనుక మీటరు లోపలికి జరగకపోవడం మంచిది.

కమ్మరి కొలిమి దగ్గర సెగకు దూరంగా ఉండాలి కనుక 85 మేలు. కొండపల్లిలో బొమ్మను ముఖం దగ్గరికి తెచ్చుకుని సన్నని కుంచెతో కన్నులు దిద్దేవారిని తీయడానికీ అదే మేలు, ఎందుకంటే అక్కడ చేయీ ముఖమూ ఇంచుమించు ఒకే దూరంలో ఉంటాయి. 1950-51లో అమెరికన్ ఫొటోగ్రాఫర్ ఇర్వింగ్ పెన్ పారిస్, లండన్, న్యూయార్క్‌లలో చేసినట్టు వృత్తిపనివారిని పనిముట్లతో సహా స్టూడియోకు రప్పించి తీయదలచినవారికి కూడా 35 అవసరం లేదు. గుంట మగ్గాన్ని అలా తరలించలేం.

50 ఎం.ఎం. చవక, ఇప్పటికే ఉంటే దానితోనే మొదలుపెట్టవచ్చు. 24-70 జూమ్ అన్నిటికీ పనికొస్తుంది గానీ బరువు, ఖరీదు ఎక్కువ. ఫుల్ ఫ్రేమ్ కన్నా చిన్న సెన్సరుండే ఏపీఎస్-సీ కెమెరా ఉన్నవారు 35కు బదులు 23 ఎం.ఎం., 85కు బదులు 56 ఎం.ఎం. అని చదువుకోవాలి, ఆ కెమెరాకు 35నే తగిలిస్తే అది దాదాపు 50లా పనిచేస్తుంది, గదిలో మళ్లీ చోటు చాలదు.