సీల్ 'సోల్', జాస్ స్టోన్ 'ద సోల్ సెషన్స్': ముందు ఏది వినాలి?

సోల్ అంటే అమెరికా నల్లజాతి వారి సంగీత శైలి. పాత సోల్ పాటలను మళ్లీ పాడిన ఆల్బమ్‌లలో ఈ రెండూ నాకు బాగా ఇష్టం. అయినా రెండింటి దారులు వేరు.

బ్రిటిష్ గాయకుడు సీల్ 2008లో తెచ్చిన 'సోల్' ఆల్బమ్‌లో అందరికీ తెలిసిన పాటలే ఎక్కువ. మొదటి పాటే శామ్ కుక్ 'ఎ ఛేంజ్ ఈజ్ గాన్నా కమ్'. 1964లో విడుదలైన ఆ పాట అమెరికా నల్లజాతి వారి పౌరహక్కుల పోరాటానికి గొంతుక అయింది. దాన్ని ముట్టుకోవడమే సాహసం. సీల్ గొంతులోని జీర ఆ బాధను బాగానే మోసింది. కానీ నిర్మాత డేవిడ్ ఫాస్టర్ వాద్యాలను మరీ నున్నగా పేర్చారు. ఆన్ పీబుల్స్ 'ఐ కాంట్ స్టాండ్ ద రెయిన్' అసలు రికార్డు మొదట్లో చినుకుల్లా టపటపమనే చప్పుడు వింటే ఒళ్లు జలదరిస్తుంది. సీల్ పాటలో నాకు ఆ తడి తగల్లేదు.

గాయని జాస్ స్టోన్ 2003లో 'ద సోల్ సెషన్స్' పాడేనాటికి టీనేజ్ అమ్మాయి. ఇంగ్లండ్ పిల్ల అయినా, ఆమెను అమెరికాలోని మయామీ సోల్ గాయని బెటీ రైట్ పక్కనే ఉండి నడిపించారు. లాటిమోర్, లిటిల్ బీవర్ లాంటి అక్కడి పాతకాపులు వాయించారు. పైగా ఎంచుకున్నవి చాలావరకు మరుగున పడ్డ పాటలు. 'ఫర్ ద లవ్ ఆఫ్ యూ'ను ఏడు నిమిషాలకు పైగా, ఏ తొందరా లేకుండా పాడింది. అక్కడ ఆమె ఊపిరి కూడా వినిపిస్తుంది.

సోల్ అసలు తెలియని వాళ్లకైతే సీల్ ఆల్బమ్ ఇస్తాను. నేను మాత్రం జాస్ స్టోన్‌దే పెట్టుకుంటాను.