పాత జీప్‌కి ‘కంప్లీట్’ లిఫ్ట్ కిట్ కొంటున్నారా? కొత్తవి కొలిచే దాకా పాతవి విప్పకండి

పాత ఫోర్ బై ఫోర్ బండిని ఇంట్లోనే లిఫ్ట్ చేసుకోవాలని, అంటే నేల నుంచి దాని ఎత్తు పెంచుకోవాలని చూస్తున్నవాళ్లు కిట్‌కి డబ్బు కట్టే ముందు ఇది చదవండి. నేను 4 అంగుళాల లిఫ్ట్ కిట్ ఒకటి ఆన్‌లైన్‌లో కొని, తమ్ముడిని సాయం పెట్టుకుని రెండు రోజుల్లో బిగించాను. మూడు వారాలకి ఒక దిగుడు బాటలో బ్రేకులు మొత్తం పోయాయి. ఎవరికీ దెబ్బ తగల్లేదు. కానీ ఆ రోజు పక్క సీట్లో తమ్ముడు ఉన్నాడు. అది తలుచుకుంటే ఇప్పటికీ చేతులు వణుకుతాయి.

మాది ముందూ వెనకా కమాన్ కట్టలున్న (లీఫ్ స్ప్రింగులున్న) పాత బండి. కిట్ ప్రకటనలో నాలుగు కమాన్ కట్టలు, నాలుగు షాక్స్ (షాక్ అబ్జార్బర్లు), షాకిళ్లు (కమాన్ కట్ట కొసని ఛాసిస్‌కి కలిపే పట్టీలు), యూ బోల్టులు, బుష్‌లు, పొడవు బ్రేక్ గొట్టాలు అన్నీ ఫొటోలో ఉన్నాయి. ‘ఇంకేమీ కొనక్కర్లేదు, ఒక్క రోజులో అయిపోతుంది’ అని రాశారు. డబ్బా వచ్చాక చూస్తే బ్రేక్ గొట్టాలు లేవు. ఫోన్ చేస్తే, "మీ మోడల్‌కి పాతవే సరిపోతాయండీ, చాలామంది అలాగే నడుపుతున్నారు" అన్నాడు అమ్మినాయన. నమ్మాను. నేను చేసిన అతి పెద్ద పొరపాటు అదే.

బండి నేల మీద నిలబడి ఉన్నప్పుడు గొట్టం సరిపోయినట్టే కనిపించింది. కొంచెం వదులు కూడా ఉంది. కానీ చక్రం గోతిలోకి దిగినప్పుడు ఇరుసు కిందికి వేలాడుతుంది. కొత్త కమాన్ కట్టలతో, పొడవు షాక్స్‌తో అది పాతకంటే చాలా కిందికి పోతుంది. ఛాసిస్ నుంచి ఇరుసుకి వెళ్లే రబ్బరు గొట్టం అంత దూరం సాగదు. ఆ బాటలో ఎడమ వెనక చక్రం గోతిలోకి దిగినప్పుడల్లా గొట్టం కొసన ఉన్న బిగింపు లాగబడుతూ వచ్చింది. చివరికి అక్కడే చీలి ఆయిల్ కారిపోయింది. పెడల్ నొక్కితే నేరుగా ఫ్లోర్‌కి తగిలింది.

కొత్త బండ్లలో బ్రేక్ లైన్ రెండు భాగాలుగా ఉంటుంది. ఒకటి పోయినా రెండోది ఎంతో కొంత ఆపుతుంది. చాలా పాత బండ్లలో పెడల్ నొక్కితే బ్రేక్ ఆయిల్‌ని తోసే మాస్టర్ సిలిండర్‌కి ఒకటే సర్క్యూట్. ఎక్కడ లీకైనా నాలుగు చక్రాల బ్రేకూ పోతుంది. మాదీ అలాంటిదే. నన్ను కాపాడింది హ్యాండ్ బ్రేక్. మా బండిలో అది చక్రాలకి కాదు, గేర్‌బాక్స్ వెనక ప్రొపెల్లర్ షాఫ్ట్ (గేర్‌బాక్స్ నుంచి ఇరుసుకి శక్తిని చేర్చే కడ్డీ) మీద పనిచేస్తుంది. బ్రేక్ ఆయిల్‌తో దానికి సంబంధం లేదు. ఫస్ట్ గేర్‌లో మెల్లగా దిగుతున్నాం కాబట్టి లివర్ లాగగానే ఆగింది. అదే వేగంలో ఉండుంటే ఈ పోస్టు రాయడానికి నేను ఉండేవాణ్ణో లేదో.

మీ బండికీ హ్యాండ్ బ్రేక్ షాఫ్ట్ మీదే ఉంటే ఇంకో సంగతి గుర్తుంచుకోండి. పని మధ్యలో ఆ షాఫ్ట్ విప్పేస్తే హ్యాండ్ బ్రేక్ లాగినా బండి ఆగదు. చక్రాలకి ముందూ వెనకా దిమ్మలు పెట్టాకే విప్పాలి. బండిని జాకీ మీద వదిలేసి కింద దూరకండి. ఛాసిస్ కింద గట్టి స్టాండ్లు ఉండాల్సిందే.

ఇంటికి తెచ్చాక ఒక్కొక్కటే విప్పి చూశాను. కిట్‌లో సరిగ్గా ఉన్న వస్తువు దాదాపు ఏదీ లేదు.

షాక్స్ సంగతి చెప్తాను, చాలామంది దీన్ని పట్టించుకోరు. షాక్ పొడవుగా ఉంటే మంచిదని అనుకుంటాం. పూర్తిగా మూసుకున్నప్పుడు ఎంత పొడవు ఉంటుందన్నది కూడా అంతే ముఖ్యం. బండి నేల మీద ఉన్నప్పుడు మా వెనక షాక్ పై బిగింపుకీ కింది బిగింపుకీ మధ్య 20 అంగుళాలు ఉంది. ఇరుసుకీ బంప్ స్టాప్ రబ్బరుకీ మధ్య 7 అంగుళాలు. అంటే ఇరుసు పైకి వచ్చి రబ్బరుకి తగిలే సమయానికి షాక్‌కి సుమారు 13 అంగుళాల చోటే మిగులుతుంది. కిట్‌లో వచ్చిన షాక్ పూర్తిగా మూస్తే 14.5 అంగుళాలు! పెద్ద గుంత తగిలిన ప్రతిసారీ రబ్బరు కంటే ముందు షాకే గట్టిగా కూర్చుని దెబ్బ తింది. రెండు వైపులా కింది బిగింపు కడ్డీలు వంగిపోయాయి. దీనికి మందు 2 అంగుళాల పొడుగు బంప్ స్టాప్, లేదా పొట్టి షాక్. రెండూ కిట్‌లో లేవు, వాటి ప్రస్తావన కూడా లేదు.

యూ బోల్టుల మీద గ్రేడ్ ముద్రే లేదు. మంచి బోల్టు తల మీదో కొస మీదో 8.8 అనో 10.9 అనో ఉంటుంది. ఇరుసుని కమాన్ కట్టకి పట్టి ఉంచేది ఇవే కాబట్టి ముద్ర లేనివి వాడటమంటే ప్రాణం మీదికి తెచ్చుకోవడమే. 100 కిలోమీటర్లు తిరిగాక మళ్లీ బిగించాలని నాకు తెలుసు, బిగించాను. ఒక నట్టు సగం చుట్టు తిరిగింది, ఇంకొకటి తిరుగుతూనే పోయింది. మర అరిగిపోయింది. కిట్‌తో వచ్చిన కాగితంలో ఎంత టార్క్‌కి బిగించాలో ఒక్క అంకె కూడా రాసి లేదు. పాత యూ బోల్టులే మళ్లీ వేద్దామా అని అనిపిస్తుంది, వద్దు. ఒకసారి బిగించి సాగినవి రెండోసారి అదే పట్టు ఇవ్వవు.

కమాన్ కట్ట పట్టీలన్నిటినీ మధ్యలో కలిపి ఉంచే సెంటర్ బోల్ట్ తల కూడా తేడాయే. కమాన్ కట్ట కింద ఆ తల ఇరుసు మీది రంధ్రంలో సరిగ్గా కూర్చోవాలి. ఇది సన్నగా ఉండి లోపల ఆడింది. బండి ఒక వైపుకి గుంజుతుంటే టైర్ల గాలి తప్పనుకుని వారం పోగొట్టుకున్నాను. చివరికి ముందు ఇరుసు నుంచి వెనక ఇరుసుకి రెండు వైపులా టేపు పెట్టి కొలిస్తే 8 మిల్లీమీటర్ల తేడా వచ్చింది.

50 వేగం దాటితే కింద నుంచి వణుకు. అది ప్రొపెల్లర్ షాఫ్ట్ కోణం మారడం వల్ల. గేర్‌బాక్స్ నుంచి వచ్చే కడ్డీ, ఇరుసు ముక్కు ఒకదానికొకటి సమాంతరంగా ఉంటేనే షాఫ్ట్ రెండు కొసల్లో ఉండే క్రాస్ జాయింట్లు ఒకదాని ఒడుదుడుకుని ఇంకొకటి సర్దుకుంటాయి. దాన్ని సరిచేయడానికని ఇచ్చిన అల్యూమినియం వెడ్జ్ (ఇరుసు వంపు మార్చే ఏటవాలు ముక్క) ఒకటి అప్పటికే పగిలి ఉంది. ఇవి ఉక్కువే తీసుకోండి. ఇరుసు పూర్తిగా వేలాడినప్పుడు షాఫ్ట్ జారుడు జాయింట్ (షాఫ్ట్ పొడవు సర్దుకునేలా ఒకదాంట్లో ఒకటి జారే భాగం) ఎంత లోపల ఉందో కూడా చూసుకోండి.

బుష్‌ల విషయంలో తప్పు కొంత నాదే, ఒప్పుకుంటాను. కమాన్ కట్టల కంటి (కొసన ఉండే గుండ్రటి రంధ్రం) బోల్టులు బండి గాల్లో ఉండగానే పూర్తిగా బిగించేశాను. రబ్బరు బుష్ అయితే బరువు చక్రాల మీదికి దించాకే చివరి బిగింపు ఇవ్వాలి. లేకపోతే రబ్బరు ఎప్పుడూ మెలితిరిగే ఉండి చినిగిపోతుంది. అయినా మూడు వారాలకే చిరిగిందంటే ఆ రబ్బరు ఏ పాటిదో తెలుస్తోంది.

ఇవన్నీ ఫొటోలు, కొలతలతో సహా అమ్మినవాళ్లకి పంపాను. మొదట "మీరు తప్పుగా బిగించారు" అన్నారు. తర్వాత గ్యారేజీలో బిగించినట్టు బిల్లు చూపించమన్నారు. ప్రకటనలో ‘ఇంట్లోనే సులువుగా’ అని రాసింది వాళ్లే. చివరికి, బండికి ఎక్కించిన కిట్ వెనక్కి తీసుకునేది లేదని షరతుల్లో ఉందన్నారు. నిజంగానే ఉంది, చిన్న అక్షరాల్లో. బ్రేక్ గొట్టాల గురించి ఫోన్‌లో చెప్పిన మాటకి నా దగ్గర ఆధారం లేదు. అందుకే ఏది అడిగినా రాతలోనే అడగండి, జవాబు కూడా రాతలోనే తీసుకోండి.

కొనే ముందు అడగాల్సినవి: షాక్ మూసినప్పుడు, తెరిచినప్పుడు పొడవు ఎంత? యూ బోల్టు గ్రేడ్, బిగింపు టార్క్ ఎంత? బ్రేక్ గొట్టాలు, బంప్ స్టాప్‌లు డబ్బాలో ఉన్నాయా? ఈ అంకెలు చెప్పలేనివాళ్ల దగ్గర కొనకండి. రివ్యూల్లో "సూపర్, చూడటానికి అదిరింది" అన్నవి వదిలేయండి. నేను నమ్మినవన్నీ అవే, ఇప్పుడు తిరిగి చూస్తే అన్నీ డబ్బా అందిన వారంలోపు రాసినవి. ఆరు నెలలు నడిపినవాళ్లు ఏం రాశారో వెతకండి.

ఇంకో మాట. ప్రకటనలో 4 అంగుళాలంటే కంపెనీ నుంచి వచ్చినప్పటి ఎత్తుకి 4 అని. మన పాత కమాన్ కట్టలు ఏళ్ల తరబడి బరువు మోసి కుంగి ఉంటాయి. మావి అంగుళంన్నర కుంగాయి, కాబట్టి బండి ఒక్కసారిగా ఐదున్నర లేచింది. కొలతలన్నీ మీ బండి ఇవాళ ఉన్న ఎత్తు నుంచే మొదలుపెట్టండి.

డబ్బా వచ్చాక పాత బోల్టు మీద పానా పెట్టకముందే కంటి వెడల్పు, బుష్ రంధ్రం, సెంటర్ బోల్ట్ తల, షాక్ పొడవు అన్నీ కొలిచి, పక్కన టేపు పెట్టి ఫొటో తీసుకోండి. ఒక్కటి తేడా వచ్చినా అలాగే మూసి వెనక్కి పంపేయండి. పాత బండిలో తుప్పు పట్టిన బోల్టుల్ని గ్రైండర్‌తో కోసి తీయక తప్పదు. కోసిన తర్వాత బండి కదలదు, ఇక వచ్చిన కిట్‌నే ఎలాగోలా బిగించేస్తాం. నేను చేసింది అదే.

బిగించాక రోడ్డెక్కే ముందు ఛాసిస్‌ని స్టాండ్ల మీద నిలిపి, ఇరుసుని పూర్తిగా కిందికి వేలాడదీసి బ్రేక్ గొట్టాలు చూడండి. ముందు చక్రాల దగ్గర స్టీరింగ్‌ని రెండు చివర్లకీ తిప్పి చూడండి. గొట్టం ఎక్కడా బిగుసుకోకూడదు, టైరుకి తగలకూడదు. పది నిమిషాల పని ఇది.

మా బండి ఇప్పుడు పాత కమాన్ కట్టల మీదే ఉంది. కొత్త బ్రేక్ గొట్టాలు వేశాను, రెండు సర్క్యూట్ల మాస్టర్ సిలిండర్ కోసం చూస్తున్నాను. ముద్ర లేని యూ బోల్టులు, ‘అన్నీ ఇందులోనే’ అన్న మాటతో ఇలాంటి డబ్బా ఏదైనా మీ ఇంట్లో ఇంకా బండికి ఎక్కించకుండా ఉంటే, వెనక్కి పంపే గడువు ఎప్పటిదాకా ఉందో ఈ రాత్రే చూసుకోండి.