లైట్ సైకిల్ రెప్లికా: తిన్నగా పోతే స్వర్గం, యూటర్న్ అంటే చెమటలు

2010లో ట్రాన్ లెగసీ సినిమా చూసినప్పటి నుంచీ అందులోని లైట్ సైకిల్ అనే బైక్‌ని ఒక్కసారైనా నడపాలని నాకు ఒకటే పిచ్చి. తెలిసినవాళ్ల దగ్గర అచ్చం అలాంటిదే ఉందని, పైగా నంబర్ ప్లేట్ ఉండి రోడ్డు మీద తిరిగే బండేనని తెలియగానే బతిమాలి మరీ రెండు రోజులకు తీసుకున్నాను. చేసింది ఒక చిన్న వర్క్‌షాప్. ఎలక్ట్రిక్ మోటార్, ఉక్కు ఫ్రేమ్, పైన ఫైబర్ బాడీ.

ముందు చక్రాల గురించి చెప్పాలి, అసలు ఈ బండి అంటేనే ఆ చక్రాలు. మధ్యలో ఇరుసు లేదు, చువ్వలు లేవు, ఇటు నిలబడి చూస్తే చక్రంలోంచి అటు గోడ కనిపిస్తుంది. లోపలి రింగు ఫ్రేముకి బిగించి కదలకుండా ఉంటుంది, దాని చుట్టూ పెద్ద బేరింగ్ మీద రిమ్ము, టైరు తిరుగుతాయి. మామూలు బండిలో అరచేతిలో ఇమిడిపోయే బేరింగ్ ఇక్కడ దాదాపు చక్రమంత ఉంటుంది కాబట్టి అంత పొడవునా దుమ్ము దూరకుండా సీలు వేయాలి, అది బిగుతైతే రాపిడి, వదులైతే ఇసుక. బండిని స్టాండ్ మీద పెట్టి వెనక చక్రాన్ని చేత్తో మెల్లగా తిప్పితే ఒక్క చోట గరగరమంది. ఆపి వేలు పెట్టి చూస్తే సీలు అంచు గోరంత పైకి లేచి ఉంది, లోపలి గ్రీజు నల్లగా మారి ఇసుకలా గరుగ్గా తగిలింది. ఇంత ఖరీదైన పనిలో అది చూసి నిజంగా బాధేసింది.

నడపడం సంగతికొస్తే, కూర్చోవడం కాదు, బోర్లా పడుకోవడమే. ఖాళీ రోడ్డు మీద తిన్నగా పోతున్నప్పుడు నేల గడ్డం కిందే పరుగెడుతున్నట్టు ఉంటుంది, ఆ పది నిమిషాలు మాత్రం జీవితంలో మర్చిపోలేను. మలుపు వచ్చిందా, ఇక కష్టాలు మొదలు. టైరు వెడల్పుగా, బల్లపరుపుగా ఉండటం వల్ల బండి ఒరగనంటుంది, బలంగా ఒరిగిస్తే మళ్లీ నిటారుగా లేవాలని చూస్తుంది. హ్యాండిల్ కూడా కాస్తే తిరుగుతుంది. ఒక యూటర్న్ కోసం మూడుసార్లు దిగి వెనక్కి నెట్టాల్సి వచ్చింది, వెనక హారన్లు మోగుతుంటే టెన్షన్ వేరే. అరగంటకే మెడ పట్టేసింది.

ఈ బండ్లను రోడ్డెక్కించడంలో ఉన్న శ్రమకి మాత్రం దండం పెట్టాలి. సినిమా బండికి అద్దాలు, ఇండికేటర్లు, హారన్, ప్లేటు ఏవీ అక్కర్లేదు, ఇక్కడ అన్నీ పెట్టాలి, పెట్టినా ఆ రూపం చెడకూడదు. నేను నడిపిన బండికి ఇండికేటర్లు బాడీ గీతల్లో చక్కగా కలిసిపోయాయి, అద్దాల్లో మాత్రం నా మోచేతులు తప్ప ఏమీ కనిపించలేదు. ఫ్లోరిడాలో పార్కర్ బ్రదర్స్ చేసిన లైట్ సైకిల్ ఈ రకంలో బాగా పేరు తెచ్చుకుంది. దానిలో 996 సీసీ సుజుకి ఇంజిన్ ఉండేది, ఒక కేటలాగ్ కంపెనీ దాన్ని 55,000 డాలర్లకు అమ్మకానికి పెట్టింది. తెలిసిన కంపెనీ ఇంజిన్ వాడితే విడిభాగాలకి ఇబ్బంది తక్కువ, అది చాలా పెద్ద ప్లస్.

రోజూ నడపాలనే కోరిక ఉంటే నా ఓటు 1988 నాటి జపాన్ యానిమేషన్ సినిమా అకీరాలోని ఎర్ర బండి తరహాకే. కాళ్లు ముందుకు చాపి, వీపు ఆనించి కూర్చుంటారు కాబట్టి మెడ బతుకుతుంది, చక్రాలకి ఇరుసు ఉంటుంది. ఆ తరహా బండిలో కనిపించే, ముందు చక్రాన్ని పట్టుకునే ఫోర్క్ లేకుండా హబ్ (చక్రం మధ్యభాగం) దగ్గరే తిరిగే స్టీరింగ్‌ని బిమోటా టెసీ, 1993లో యమహా జీటీఎస్1000 లాంటి నిజమైన బండ్లలో కూడా వాడారు, అంటే అది సినిమాకే పరిమితమైన ఊహ కాదు.

కొనాలనుకునేవాళ్లు రిజిస్ట్రేషన్ కాగితాల్లో ఛాసిస్ నంబర్, బండి రకం ఏమని రాశారో చూడండి, ఇలాంటి బండ్లకుండే రంగు లైట్లు మీ దగ్గర రోడ్డు మీద వెలిగించవచ్చో లేదో కనుక్కోండి, యూటర్న్ ఒకటి కొట్టి చూశాకే అడ్వాన్స్ ఇవ్వండి. నేను బండి తిరిగి ఇస్తూ ఆ సీలు చూపించాను. ఓనర్ మోకాళ్ల మీద కూర్చుని చక్రాన్ని నాలాగే చేత్తో తిప్పి, గరగర వినగానే వర్క్‌షాప్‌కి ఫోన్ కలిపారు.