చిక్కడపల్లి మేడమీద ఐదు లఘుచిత్రాలు

ఆర్టీసీ క్రాస్‌రోడ్స్‌లో సంధ్య, సుదర్శన్, దేవి థియేటర్ల ముందు శనివారం సాయంత్రపు ఆటకు జనం చేరుతున్న వేళకే, అక్కడికి కొద్ది నిమిషాల నడక దూరంలో, చిక్కడపల్లి సందులోని ఒక పాత ఇంటి రెండో అంతస్తులో అరవై కుర్చీల హాలు నిండిపోయింది. నెలకొకసారి స్వతంత్ర లఘుచిత్రాలను ప్రదర్శించి, తరువాత ప్రేక్షకులను, దర్శకులను ఒకచోట కూర్చోబెట్టి మాట్లాడించే కార్యక్రమం అది. టికెట్టు 150 రూపాయలు, విద్యార్థులకు 50. నేను వరుసగా మూడు నెలలు వెళ్ళాను. ఇక్కడ రాస్తున్నది గత నెల చూసిన ఐదు చిత్రాల గురించి, వాటిని చూపించిన తీరు గురించి. దీన్ని నడుపుతున్నవారు ఉద్యోగాలు చేసుకుంటూ సొంత డబ్బు పెట్టుకుంటున్న నలుగురైదుగురు యువతీయువకులు. వాళ్ళ లోపాలను కూడా రాయవలసి వస్తున్నది కనుక పేరు చెప్పడం లేదు.

హైదరాబాద్‌కు ఇలాంటి ప్రదర్శనలు కొత్త కావు. కరీంనగర్‌లో 1909లో పుట్టి, హిందీ చిత్రాల్లో పేరు తెచ్చుకుని, 1980 సంవత్సరానికి దాదాసాహెబ్ ఫాల్కే పురస్కారం అందుకున్న పైడి జైరాజ్ పేరిట రవీంద్రభారతిలో ఒక ప్రివ్యూ థియేటర్ ఉంది. రాష్ట్ర భాషా సాంస్కృతిక శాఖ ‘సినీవారం’ పేరుతో కొత్త దర్శకుల లఘుచిత్రాలను శనివారాలు అక్కడే వేసింది. బంజారాహిల్స్‌లోని లామకాన్ 2010 నుంచి నాటకానికీ పాటకూ చర్చకూ ఇచ్చినట్టే చిన్న సినిమాకూ చోటిస్తున్నది. అయినా ఈ నగరంలో లఘుచిత్రాన్ని చాలామంది ఇప్పటికీ పెద్ద సినిమా అవకాశం కోసం నిర్మాతకు చూపించే నమూనాగానే చూస్తారు. తరుణ్ భాస్కర్, సుజీత్ వంటి దర్శకులు లఘుచిత్రాల నుంచే పెద్ద తెరకు వెళ్ళిన మాట నిజమే, అందులో తప్పేమీ లేదు. కానీ పద్నాలుగు నిమిషాల సినిమా తనకు తానుగా ఒక పూర్తి రచన అని నమ్మి తీసినవాళ్ళ పని చూడాలంటే మాత్రం ఇలాంటి మేడలు ఎక్కవలసిందే.

మొదటి చిత్రం అలాంటిది. తెల్లవారుజామున రోడ్లు ఊడ్చే ఒక పారిశుద్ధ్య కార్మికురాలి నాలుగు గంటల పని దినాన్ని పద్నాలుగు నిమిషాల్లో చూపించారు. మాటలు చాలా తక్కువ. చీపురు చప్పుడు, దూరంగా పాలవ్యాను, కుక్కల అరుపులు. ఆమె భుజానికి వేలాడే సంచిలో నీళ్ళ సీసా ఉంటుంది. రెండు మూడుసార్లు తీసి మూత విప్పుతుంది, నోరు తడుపుకుంటుంది, పుక్కిలించి ఉమ్మేస్తుంది, మింగదు. ఎందుకో ప్రేక్షకుడికి వెంటనే అర్థం కాదు. ఆరో నిమిషంలో తోటి కార్మికురాలు, వయసులో చిన్నది, “నీళ్ళు తాగరాదే అక్కా, పెదాలు ఎండిపోయినయ్” అంటుంది. “ఇప్పుడొద్దు బిడ్డా, ఇంటికి పోయినంక తాగుత” అని ఈమె సమాధానం. ఆ తరువాత కెమెరా ఆమెతోపాటు నడుస్తూ మూసి ఉన్న దుకాణాల షట్టర్లు, ప్రహరీగోడలు, తాళం వేసిన ఒక సులభ్ మరుగుదొడ్డి దాటుకుంటూ పోతుంది. ఆ తాళం మీద కెమెరా ఆగదు. ఆగి ఉంటే నేను ఈ చిత్రాన్ని ఇంత మెచ్చుకునేవాణ్ణి కాను. నాలుగు గంటలపాటు మూత్రానికి వెళ్ళే చోటు లేని ఆడమనిషి దాహాన్ని ఎలా లెక్కపెట్టుకుంటుందో ఒక నీళ్ళ సీసాతో చెప్పారు. హాల్లో నా పక్కన కూర్చున్న పెద్దాయన అంతవరకు చేతిలో పట్టుకున్న సీసాను మెల్లగా కింద పెట్టారు.

మనకు సానుభూతి అన్నా సహానుభూతి అన్నా రోజువారీ మాటల్లో ఒకటే అయిపోయింది. జాలిపడడానికి ఎదుటి మనిషి కష్టం తెలిస్తే చాలు. ఆ కష్టంతో కలిసి నడవడానికి మాత్రం ఆ మనిషి ఒక రోజు ఎలా గడుస్తుందో తెలియాలి. లఘుచిత్రానికి ఉన్న అసలు బలం ఇక్కడే ఉంది. ఆస్కార్ నిబంధనల ప్రకారం తెర మీద పడే పేర్లతో సహా 40 నిమిషాలు దాటని చిత్రమే లఘుచిత్రం. మన కుర్రవాళ్ళు తీసేవి చాలావరకు అందులో సగం కూడా ఉండవు. పాత్ర గతం చెప్పే వ్యవధి ఉండదు, విలన్‌ను నిలబెట్టే వ్యవధి ఉండదు, ఆఖరున న్యాయం జరిపించే వ్యవధి అసలే ఉండదు. మిగిలేది ఒక పని, ఒక వస్తువు, ఒక గంట. నా చిన్నతనంలో థియేటర్లలో అసలు సినిమాకు ముందు కేంద్ర ప్రభుత్వ ఫిల్మ్స్ డివిజన్ వారి చిత్రాలు తప్పనిసరిగా వేసేవారు. 1948లో మొదలై 2022లో జాతీయ చలనచిత్ర అభివృద్ధి సంస్థ (ఎన్‌ఎఫ్‌డీసీ)లో కలిసిపోయిన ఆ సంస్థ గొప్ప డాక్యుమెంటరీలు కూడా తీసింది కానీ, మా ఊరి హాలు దాకా వచ్చినవాటిలో ఎక్కువ భాగం ఒక గంభీరమైన గొంతు మనకు ఏది మంచిదో చెప్పే చిత్రాలే. ఆ గొంతు లేకుండా కూడా సామాజిక సమస్యను చెప్పవచ్చునని ఈ చీపురు చిత్రం చూపించింది.

రెండోది పద్దెనిమిది నిమిషాల కథ. వినికిడి లేని పదేళ్ళ పిల్లవాడు. ఇంట్లో అతణ్ణి ‘బాబు’ అని పిలుస్తారు. ఆ మాట పలికేటప్పుడు పెదవులు రెండుసార్లు కలిసి విడిపోతాయి; వాడికి తన పేరంటే అదే. ఒక రాత్రి తలుపు సందులోంచి అమ్మానాన్నలు పోట్లాడుకోవడం చూస్తాడు. నాన్న పెదవులు మాటిమాటికీ రెండుసార్లు కలుస్తుంటాయి. మనకు వినబడే మాట ‘మామ’. పిల్లనిచ్చిన మామ దగ్గర తెచ్చిన అప్పు గురించిన గొడవ అది. కానీ బ, ప, మ అనే అక్షరాలు చూపుకు ఒక్కటే. పిల్లవాడికి ఆ గొడవంతా తన గురించే జరుగుతున్నట్టు కనిపిస్తుంది. మర్నాడు పొద్దున నాన్న చొక్కా జేబులో చెయ్యి పెడితే, చేతిరుమాల్లో మూటగట్టిన వినికిడి యంత్రం తగులుతుంది. అమ్ముకొమ్మని వాడు పెట్టి వెళ్ళాడు. చిత్రం అక్కడితో ఆగిపోతుంది. తెలుగు అక్షరాల ఉచ్చారణలోంచి పుట్టిన ఇంతటి కథను నేను ఈమధ్య చూడలేదు. దీన్ని మరో భాషలోకి మార్చి తీయాలంటే కథనే మళ్ళీ వెతుక్కోవాలి.

నిర్వాహకుల మీద నా మొదటి ఫిర్యాదు కూడా ఈ చిత్రం దగ్గరే. రెండో వరుసలో ముగ్గురు బధిర యువకులు కూర్చున్నారు. ఈ చిత్రం కోసమే వచ్చామని, తోడు వచ్చిన మిత్రురాలి చేత తరువాత చెప్పించారు. తెర మీద ఆంగ్ల ఉపశీర్షికలు కూడా పడలేదు. ఫెస్టివళ్ళకు పంపిన ప్రతిలో అవి ఉన్నాయట, ఇక్కడ వేసింది వేరే ప్రతి. మిత్రురాలు సైగలతో చెప్పబోయింది కానీ చీకట్లో చేతులు కనిపించవు. కథ ముడి అంతా పిల్లవాడికి తెలియనిదీ మనకు వినబడేదీ అయిన ఒక్క మాటలో ఉంది. ఆ మాట వాళ్ళకు అందలేదు. పిల్లవాడు పొరబడ్డాడని తెలియకుండానే, నిజంగానే తల్లిదండ్రులు వాణ్ణి భారంగా భావించారన్న అర్థంతో వాళ్ళు ఆ చిత్రాన్ని చూసి ముగించారు. సినిమా హాళ్ళలో వినికిడి, చూపు లోపాలున్నవారికి పూర్తి నిడివి చిత్రాలు అందుబాటులో ఉండాలని కేంద్ర సమాచార ప్రసార శాఖ 2024 మార్చిలో మార్గదర్శకాలు ఇచ్చింది. మేడమీది అరవై కుర్చీలకు ఆ మార్గదర్శకాలు వర్తించవు, నిజమే. కానీ తెలుగు సినిమాకు తెలుగు అక్షరాలు వేయడం ఎందుకన్న ఆలోచన మన లఘుచిత్రకారులందరిలోనూ ఉంది. న్యాయనిర్ణేతల కోసం ఆంగ్లం వేస్తాం, ఎవరి జీవితాన్ని తెరకెక్కించామో వాళ్ళ కోసం తెలుగు వేయం. ఈ పద్ధతి మారాలి.

మూడు, నాలుగు చిత్రాల గురించి ఎక్కువ చెప్పవలసినది లేదు. వృద్ధాశ్రమం గేటు దగ్గర కొడుకు కారు కోసం ఎదురుచూసే తల్లి కథలో నటి బాగా చేశారు, కథ మాత్రం మనం ఇరవైసార్లు చూసినదే. పెళ్ళిచూపుల్లో అమ్మాయి అబ్బాయి తల్లిని ప్రశ్నలడిగే ఏడు నిమిషాల హాస్య చిత్రానికి హాలు బాగా నవ్వింది.

అయిదోది ఇరవై రెండు నిమిషాల డాక్యుమెంటరీ, పాతబస్తీలో గాజుల తయారీలో పనిచేసి బయటపడ్డ పిల్లల గురించి. ఈ నగరానికి ఇది ఊహించిన సమస్య కాదు. 2015 జనవరిలో పోలీసులు పాతబస్తీ గాజుల కార్ఖానాల్లో సోదాలు చేసి, ఎక్కువగా బిహార్ నుంచి తెచ్చిన వందల మంది పిల్లలను విడిపించారు. చిత్రంలో ఒక నలభై సెకన్లు అద్భుతంగా ఉన్నాయి: వేడికి మెత్తబడ్డ లక్క మీద అద్దం ముక్కలు అద్దుతున్న చిన్న వేళ్ళు, ప్రతి ముక్కకూ వేలికొసను నాలుకకు తాకించి చల్లబరుచుకోవడం. ఆ తరువాత వయొలిన్ మొదలవుతుంది, ఒక బాలుడి ఏడుపు నెమ్మది కదలికలో తెరంతా నిండుతుంది, మనమందరం తలదించుకోవాలని వ్యాఖ్యాత చెబుతాడు. బాలుడి ముఖం పూర్తిగా కనిపిస్తుంది, పేరు వినిపిస్తుంది, ఊరు కూడా తెలుస్తుంది.

ఇది అభిరుచికి సంబంధించిన అభ్యంతరం మాత్రమే కాదు. చట్టవిరుద్ధంగా పనిలో పెట్టిన పిల్లలు 2015 నాటి బాలల న్యాయ చట్టం ప్రకారం రక్షణ అవసరమైన పిల్లల కిందికి వస్తారు. అదే చట్టంలోని 74వ సెక్షన్ అలాంటి పిల్లల పేరు, ఊరు, ఫొటో, వాళ్ళను గుర్తుపట్టే వివరమేదీ ఏ ప్రసార మాధ్యమంలోనూ వెల్లడించకూడదని చెబుతుంది. విచారణ జరిపే బాలల న్యాయ బోర్డు లేదా బాలల సంక్షేమ కమిటీ, పిల్లల మేలు కోసమని కారణాలు రాసి అనుమతిస్తే తప్ప మినహాయింపు లేదు. చర్చలో నేను ఈ మాట అడిగాను. తల్లి ఒప్పుకుందని దర్శకుడు నిజాయితీగానే జవాబిచ్చాడు. అది చాలదన్న సంగతి అతనికి తెలియదు. వయసు ఇరవై నాలుగేళ్ళు, తనకున్న కెమెరాతో మంచి పని చేస్తున్నానన్న నమ్మకం. అతణ్ణి నిందించడం నా ఉద్దేశం కాదు. కానీ చిత్రాన్ని ఎంపిక చేసినవాళ్ళు ముందే చూసి, ముఖాన్ని మసకబరిచిన ప్రతి అడిగి ఉండవలసింది. ఆ బాలుడు రేపు పాతికేళ్ళవాడవుతాడు, పెళ్ళి చేసుకుంటాడు. ఆ ఏడుపు అప్పటికీ ఎవరి ఫోన్లోనో ఉంటుంది. ఆ నలభై సెకన్ల వేళ్ళు మాత్రమే ఉంచి, ముఖం లేకుండా తీసి ఉంటే చిత్రం మరింత బలంగా ఉండేదన్నది కూడా నా నమ్మకం.

ఈ సాయంత్రంలో నాకు బాగా గుర్తుండిపోయింది మాత్రం తెర మీద జరగలేదు. మొదటి చిత్ర బృందం, తాము ఎవరితో తిరిగి కథ రాసుకున్నారో ఆ కార్మికురాలిని వెంటబెట్టుకుని వచ్చింది. ఆమె చివరి వరుసలో కూర్చున్నారు. మైకు ఇస్తే మొదట వద్దన్నారు, తరువాత లేచి, “నీళ్ళ సంగతి సక్కగనే తీసిన్రు. గానీ చీపురు అట్ల పట్టరు బిడ్డా” అన్నారు. కుర్చీల మధ్య నుంచి ముందుకు వచ్చి, లేని చీపురును పట్టుకుని చూపించారు. పైచెయ్యి ఛాతీ ఎత్తున గట్టిగా, కిందిచెయ్యి వదులుగా, వీపు నిటారుగా. తెర మీద నటి వంగి ఊడ్చింది, అలా వంగితే గంటలో నడుము పడిపోతుందట. దుమ్ము మీద పడకుండా గాలి ఎటు వీస్తున్నదో చూసుకుని నిలబడే తీరు కూడా చూపించారు. దర్శకురాలు నోటుబుక్కు తీసి రాసుకున్నారు. హాలు మొత్తం ఆమె చేతులనే చూస్తున్నది.

సరిగ్గా అప్పుడు నిర్వాహకులలో ఒకరు వచ్చి, ముఖ్య అతిథికి వేరే కార్యక్రమం ఉందని, సన్మానం ముగించుకుందామని మైకు తీసుకున్నారు. శాలువాలు, జ్ఞాపికలు, ఫొటోలకు ఇరవై అయిదు నిమిషాలు పట్టింది. ముప్పావు గంట ఉంటుందన్న చర్చ ఇరవై నిమిషాలకే ముగిసింది. ఆమెకు శాలువా కప్పలేదని నా బాధ కాదు, ఆమె మాట మధ్యలో ఆగిపోయింది. ఇంకో పది నిమిషాలు మాట్లాడనిచ్చి ఉంటే ఈ ఐదు చిత్రాల్లో లేని ఆరో సినిమా మాకు దొరికేది.

వెళ్ళాలనుకునేవారికి కొన్ని వివరాలు. చిక్కడపల్లి మెట్రో స్టేషన్ నుంచి నడిచి వెళ్ళవచ్చు, బండి పెట్టుకోవడానికి చోటు లేదు. లిఫ్టు లేదు, మెట్లు నిటారుగా ఉంటాయి. మోకాళ్ళ నొప్పులున్నవారు, చక్రాల కుర్చీలో వచ్చేవారు ఇప్పటికైతే రాలేరు, ఇది నిర్వాహకులు ముందే ప్రకటనలో చెప్పవలసిన విషయం. అయిదున్నర అన్నది ఆరుంబావుకు మొదలైంది. ప్రొజెక్టర్ బాగుంది, శబ్దం ఇంకా బాగుంది. చీపురు చప్పుడు అంత స్పష్టంగా వినబడకపోతే మొదటి చిత్రం సగం పోయేది. వరండాలోని ట్యూబులైటు వెలుతురు తెర ఎడమ అంచున పడుతుంది కనుక కుడివైపు కూర్చోవడం మంచిది.

ఈ నెల కూడా వెళుతున్నాను. ఉపశీర్షికల గురించి నిర్వాహకులతో మాట్లాడితే, డబ్బు లేదని, రాసిపెట్టే మనిషి లేడని అన్నారు. పద్దెనిమిది నిమిషాల సినిమా మాటలు విని, తెలుగులో టైపు చేసి, సమయాలు సరిచూడడానికి నా లెక్కన రెండు సాయంత్రాలు పడుతుంది. ఆ పిల్లవాడి చిత్రానికి నేను చేసి ఇస్తానని చెప్పి ప్రతి తీసుకున్నాను. ‘బాబు’ అన్నచోట బాబు, ‘మామ’ అన్నచోట మామ పడేటట్టు చేసి, ఈసారి మళ్ళీ వేయమని అడిగాను. ఆ ముగ్గురికీ కబురు పంపుతామన్నారు.