నార్మలైజేషన్ వీడియో కోర్సు: క్లాసులో వాడి చూశాక

డీబీఎంఎస్ (డేటాబేస్ నిర్వహణ) పాఠం చెప్పే నాకు ఏటా నార్మలైజేషన్ దగ్గరే, అంటే ఒకే సమాచారం పదేపదే రాకుండా టేబుళ్లను విడగొట్టే పద్ధతి దగ్గరే బండి ఆగుతుంది. పిల్లలు నిర్వచనాలు బట్టీ పట్టేస్తారు, టేబుల్ చేతికిస్తే దిక్కులు చూస్తారు. అందుకే ఈసారి ఒక ఆన్‌లైన్ కోర్సు కొన్నాను.

ఇందులో నిర్వచనంతో మొదలుపెట్టరు. లైబ్రరీ టేబుల్ ఒకటి చూపిస్తారు: విద్యార్థి నంబరు, పుస్తకం కోడ్, పుస్తకం పేరు, విద్యార్థి బ్రాంచి, బ్రాంచి హెడ్ పేరు. మొదటి రెండూ కలిస్తేనే కీ, అంటే ఏ వరుస ఏదో గుర్తుపట్టే ఆధారం. ఒక బ్రాంచికి మిగిలిన ఒక్క వరుసనూ డిలీట్ చేయిస్తారు. దాంతో హెడ్ పేరు కూడా గల్లంతు! వెనక బెంచీ వాళ్లు కూడా అప్పుడు తలెత్తారు. పుస్తకం పేరు కోడ్ మీద, బ్రాంచి విద్యార్థి నంబరు మీద, అంటే కీలో సగం మీదే ఆధారపడుతున్నాయి. నార్మలైజేషన్‌లో రెండో మెట్టయిన రెండో నార్మల్ ఫామ్‌లో అవి వేరే టేబుళ్లలోకి విడిపోతాయి. హెడ్ పేరు బ్రాంచిని బట్టి వస్తుంది కనుక మూడోదాంట్లో దానికి వేరే టేబుల్. మొత్తం నాలుగు టేబుళ్లు. నేనిన్నేళ్లు ఇంత తేలిగ్గా చెప్పలేదని ఒప్పుకోవాలి.

మూడోదానికన్నా కఠినమైన బాయిస్-కాడ్ నార్మల్ ఫామ్‌ను మాత్రం నాలుగు నిమిషాల్లో చుట్టేశారు. డేటాను ఇలా టేబుళ్లలో పెట్టే రిలేషనల్ మోడల్‌ను ప్రతిపాదించిన కాడ్ 1970 నాటి పేపర్ గురించి అంతకు రెట్టింపు సేపు చెప్పారు మరి! ఎక్సర్‌సైజుల్లో జవాబులే ఉన్నాయి, స్టెప్పులు లేవు. తప్పు చేసినవాడికి ఎక్కడ తప్పాడో తెలియదు. సొంతంగా నేర్చుకునేవాళ్లకు ఇది చాలదు. నేనైతే ముందు డిపెండెన్సీలకు (ఏది దేని మీద ఆధారపడుతుందో) బాణాలు గీయించి, ఆ తర్వాతే వీడియో పెడుతున్నాను.