డిప్రెషన్‌కి కెటమిన్ సెలైన్: మా తమ్ముడికి ఇప్పించాం, హాస్పిటల్ ఎలా ఉందంటే

మా తమ్ముడికి రెండు రకాల డిప్రెషన్ టాబ్లెట్లు డోసు పెంచుకుంటూ వాడినా ఫరక్ కనపడలేదు, అప్పుడు వాడిని చూసే సైకియాట్రిస్టు మేడమే కెటమిన్ ఇప్పిద్దాం అని సికింద్రాబాద్ వైపు ఒక చిన్న హాస్పిటల్‌కి రాసిచ్చారు. హాస్పిటల్ పేరు పెట్టట్లేదు, బిల్లు దగ్గర జరిగింది కూడా రాయాలి కాబట్టి.

ముందు మందు సంగతి. పేరు వినగానే మా పెద్దమ్మ వాళ్ళు, అది పబ్బుల్లో పట్టుబడే మత్తు కదే అన్నారు. నిజానికి ఇది 1962లో అమెరికాలో పార్క్-డేవిస్ కంపెనీలో తయారైన మందు, 1970లో అక్కడ ఆపరేషన్లకి మత్తు ఇవ్వడానికి పర్మిషన్ వచ్చింది, ఇప్పటికీ మన దవాఖానాల్లో వాడతారు. మామూలు డిప్రెషన్ గోలీలు ఎక్కువగా మెదడులో సెరొటోనిన్ అనే రసాయనం మీద పనిచేస్తాయి, గుణం కనపడటానికి వారాలు పడుతుంది. ఇది గ్లుటమేట్ అనే ఇంకో మెదడు రసాయనం వైపు నుంచి, ఆ రసాయనం వచ్చి తగులుకునే ఎన్‌ఎండీఏ రిసెప్టర్‌ని అడ్డుకుని పనిచేస్తుంది, అందుకే గంటల్లో తేడా తెలుస్తుందని అంటారు. 2006లో అమెరికా ప్రభుత్వ మానసిక ఆరోగ్య పరిశోధన సంస్థ ఎన్‌ఐఎంహెచ్ వాళ్ళు వేరే మందులు పనిచేయని కొద్దిమందికి ఇచ్చి చూస్తే మర్నాటికే 71 శాతం మందికి బాగా తగ్గింది, కానీ వారం దాకా నిలిచింది 35 శాతం మందికే. ఈ రెండో నంబర్ చాలామంది చెప్పరు, నేనైతే అదే ముందు చెప్తా.

ఇక హాస్పిటల్. డాక్టర్ల విషయంలో వంక పెట్టడానికి లేదు. మొదలుపెట్టే ముందే బీపీ, గుండె సంగతి, ఇంట్లో ఎవరికైనా సైకోసిస్ (లేనివి కనపడటం, వినపడటం లాంటి జబ్బు) ఉందా, తాగుడు ఉందా అన్నీ అడిగారు, పొద్దున్నించి ఏమీ తినొద్దన్నారు. మత్తు డాక్టరు పక్కనే ఉన్నారు. బరువు చూసి కిలోకి అర మిల్లీగ్రామ్ లెక్కన పంపులో పెట్టి 40 నిమిషాలు మెల్లగా ఎక్కించారు, రెండో చేతికి బీపీ పట్టీ, వేలికి ఆక్సిజన్ క్లిప్పు. కాసేపటికి తమ్ముడు "అక్కా, గోడ దూరం జరిగిపోతున్నట్టుంది, ఈ చేతులు నావి కావనిపిస్తోంది" అన్నాడు, నాకు గుండె ఆగినంత పనైంది. నర్సమ్మ మాత్రం తొణక్కుండా "ఏం కాదు నాన్నా, మందు పనే అది, కాసేపట్లో పోతుంది, నా చెయ్యి పట్టుకో" అని ఐపోయేదాకా అక్కడే కూర్చుంది. ఆమెకి ఎంత చెప్పినా తక్కువే. బీపీ కొంచెం పెరిగి దిగింది, ఒకసారి వాంతి వచ్చినట్టైంది, అంతే. రెండు గంటలు చూశాకే పంపారు, ఆ రోజు బండి ముట్టుకోవద్దు అని రాసి మరీ ఇచ్చారు.

మర్నాడు మధ్యాహ్నం లేచొచ్చి "పచ్చిపులుసు చేస్తావా అక్కా" అన్నాడు. ఎన్ని నెలలైందో వాడు నోరు తెరిచి ఫలానాది కావాలి అని అడిగి. అమ్మ వంటింట్లోకి వెళ్ళి కళ్ళు తుడుచుకుంది. కానీ వారం తిరక్కుండానే మళ్ళీ కిందికి జారాడు, అందుకే వారానికి రెండు చొప్పున కోర్సులాగా ఇచ్చారు, అప్పుడు కుదుటపడ్డాడు. గోలీలు ఆపలేదు, కౌన్సెలింగ్ కూడా నడుస్తోంది.

నా కోపం అంతా బిల్లింగ్ కౌంటర్ మీదే. మొదటి డోసు వాడికి పడిందో లేదో తెలియకముందే మొత్తం ప్యాకేజీ డబ్బులు కట్టమని పట్టుబట్టారు, ప్యాకేజీలో ఉందన్న కౌన్సెలింగ్ ఏదీ అంటే ఒకరి మీద ఒకరు చెప్పుకున్నారు. ఇంజెక్షన్ మందు చవకే, మనం కట్టేది గదికీ మనుషులకీ, కాబట్టి విడివిడిగా బిల్లు అడగండి. ఇన్సూరెన్స్ వాళ్ళు ముందు కుదరదన్నారు, 2017 మెంటల్ హెల్త్‌కేర్ చట్టంలో మిగతా జబ్బుల్లాగే మానసిక జబ్బుకీ కవర్ ఇవ్వాలని ఉంది కదా అని మెయిల్ పెడితే అప్పుడు ఫైల్ తీసుకున్నారు, ఇంకా నడుస్తోంది.

ఇంకో మాట, దయచేసి ఎవరూ ఇంట్లో పెట్టుకుని వాడే ఆలోచన చేయకండి. 2023లో హాలీవుడ్ నటుడు మాథ్యూ పెరీ చనిపోయింది డాక్టరు పర్యవేక్షణ లేకుండా ఇది తీసుకునే. ఎక్కువకాలం ఎక్కువ డోసులు వాడితే యూరిన్ బ్లాడర్ కూడా పాడవుతుంది. మన దగ్గర 2013 నుంచి షెడ్యూల్ ఎక్స్‌లో, అంటే డాక్టరు చీటీ లేకుండా అమ్మకూడని, గట్టి కట్టడి ఉన్న మందుల లిస్టులో ఉంది, సైకియాట్రిస్టుతో మాట్లాడకుండా నేరుగా సెలైన్ ఎక్కిస్తాం అనే చోటు దొరికితే వెనక్కి వచ్చేయండి. ఖర్చు భయంతో ఆగిపోయినవాళ్ళు ఎర్రగడ్డ మెంటల్ హెల్త్ ఇన్‌స్టిట్యూట్ ఓపీకి వెళ్ళండి, ఆ పేరుకి సిగ్గుపడాల్సిన పని లేదు. రాత్రిపూట చనిపోవాలన్న ఆలోచన వస్తే 14416కి ఫోన్ చేయండి, టెలి మానస్, ఫ్రీ, తెలుగులోనే మాట్లాడతారు.

డాక్టర్లకీ నర్సమ్మకీ ఐదుకి ఐదు, కౌంటర్‌కి ఒకటి. శనివారం స్లాట్లు ముందే నిండిపోతాయి, పేషెంటుతో ఒక మనిషి కచ్చితంగా ఉండాలి, లేకపోతే ఇంటికి పంపరు.